మేయరుగారు తీసిపారేసిన కుర్చీ

తెల్లారేసరికి ఇంటి ముందు మంచులో ఇంకో కుర్చీ వచ్చి చేరింది.

ఈసారిది పసిపిల్లల్ని కూర్చోబెట్టి తినిపించే పొడుగుకాళ్ళ కుర్చీ. దాని పళ్ళెం మీద ఎవరో సగం కొరికిన పూన్చ్కీ, జామ్ కూరి నూనెలో వేయించిన బన్ను, కూడా పెట్టి మరీ పోయారు. లోపలి జామ్ గడ్డకట్టి నల్లబడింది.

ఐరీన్ వంటింటి కిటికీ తెర వదిలేసి పొయ్యి దగ్గరికి వచ్చింది. బుధవారం పేపరు వచ్చిన దగ్గర్నుంచి మొదలైంది ఈ కుర్చీల వరస. ముందు కాలు విరిగిన చెక్క కుర్చీ. తర్వాత పేము కుర్చీ, మడత కుర్చీ, ఏదో సెలూన్లో మూల పడేసిన తిరుగుడు కుర్చీ. ఎవరు తెచ్చి పెడుతున్నారో ఎవరూ చూడలేదట. పొద్దస్తమానం కిటికీలకి మొహాలు ఆనించుకుని బతికే వీధి, ఒక్కళ్ళూ చూడలేదట!

"ఇవాళ్టికి ఎన్నయ్యాయి?" అన్నాడు ఆమె మొగుడు లియో.

"లెక్కెందుకు? అవేమన్నా ఓట్లా?" అంది ఐరీన్.

లియో బరానెక్, పోర్ట్ మారియన్ నగర మేయరు, వేసవికి పార్టీ టికెట్టు చేతికొస్తే గవర్నరు కాబోయే మహానుభావుడు, ఉడికించిన గుడ్డు పెంకు ఒలుచుకున్నాడు. పాపం, రెండు రోజులుగా అద్దం ముందు సాధన చేసిన విచారం మొహాన బాగానే కుదిరింది. గుడ్డు నోట్లో పెట్టుకునేటప్పుడు మాత్రం కాస్త జారింది.

బల్లకి అవతల ప్రెస్కాట్ కూర్చున్నాడు. రాజధాని నుంచి దిగుమతైన ప్రచార సారథి. వారం రోజులుగా ఈ ఇంటి రొట్టె తింటూ అంచులన్నీ ఒలిచి పళ్ళెంలో వదిలేస్తున్నాడు. ఆ ఒక్క కారణం చాలు ఐరీన్ అతన్ని క్షమించకపోవడానికి.

"మేడమ్, ఒక్క నిమిషం కూర్చుంటారా? సాయంత్రం చర్చి హాల్లో శుక్రవారపు చేపల విందులో మీరు చెప్పే మాట ఒకసారి సరిచూసుకుందాం."

"నేనింకా చెప్తానననేలేదు. సరిచూసుకోవడమేమిటి?"

"రెండే రెండు ముక్కలు. 'మా తమ్ముడు తొందరపడి ఆ కుర్చీ తీశాడు. మా కుటుంబం తరఫున మన్నించండి.' అంతే. మీరు చెప్పగానే స్టాష్ లేచి తల వంచుకుంటాడు. అప్పుడు మేయరుగారు ఆ పెద్దాయనకి కొత్త కుర్చీ బహూకరిస్తారు. మంచి తోలుది. పక్కన మీట లాగితే వెనక్కి వాలుతుంది. కాళ్ళు రెండూ అలా పైకి లేస్తాయి."

"ఆయనకి ఉన్నది ఒక్కటే కాలు" అంది ఐరీన్.

ప్రెస్కాట్ దగ్గాడు.

"ఐరీన్!" అన్నాడు లియో.

"ఏం? నేనేమన్నా అబద్ధమాడానా? ఈ బల్ల దగ్గర ఆ పని నాది కాదే."

మంగళవారం సంగతి ఊరంతటికీ తెలుసు, ఒక్క ముక్క తప్ప. ఆదివారం తుఫానొచ్చి ఊరు కిటికీల దాకా మంచులో కూరుకుపోతే, మేయరుగారు రాజధాని హోటల్లో చందాలిచ్చే పెద్దలతో విందులో ఉన్నారు. ఆ చెడ్డపేరు కడుక్కోవడానికి మంగళవారం నాడు పుట్టిన వీధికి పోయి, అందరితో పాటు బేకరీలో నిలబడి పూన్చ్కీలు తినాలని ప్రెస్కాట్ ఏర్పాటు చేశాడు. ఉపవాస దినాలు మొదలవబోయే ముందు రోజు ఆ ఊళ్ళో తినేది అదే కదా, ఫోటోలకి బావుంటుందని.

క్రాకో వీధిలో కారు పెట్టుకునేంత చోటు ఎవరు తవ్వుకుంటే మంచు కరిగేదాకా అది వాళ్ళది. గుర్తుగా ఒక వంటింటి కుర్చీ వేసి పోతారు. ఏ చట్టంలోనూ లేదు ఆ మాట. అయినా షాపులో చాక్లెట్లు కొట్టేసే పిల్లలు కూడా ఆ కుర్చీల జోలికి పోరు. ముసలి బ్రోన్యా కురెక్ ఆ ఉదయం ఇరుగుపొరుగుని కూడగట్టుకుని చోటు తవ్వించి తన ఎర్ర కుర్చీ వేసుకుంది. చక్కెర జబ్బుతో కాలు తీసేసిన మొగుడు ఫెలిక్స్‌ని ఆసుపత్రి నుంచి కొడుకు తీసుకొస్తున్నాడు.

ఆ కుర్చీ తీసి మంచుగుట్ట మీద పారేసి, అక్కడ మేయరుగారి నల్ల కారు పెట్టారు. ఫెలిక్స్‌తో వచ్చిన కారు ఆగడానికి చోటు దొరక్క, వీధి చివర నిలిపి, అదే ఎర్ర కుర్చీలో ముసలాయన్ని కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. పూన్చ్కీల ఫోటో కోసం వచ్చినవాడు పూన్చ్కీలు వదిలేసి ఆ ఫోటో తీసుకున్నాడు. మర్నాడు మొదటి పేజీలో, దుప్పటి కప్పుకుని, బొచ్చుటోపీ పెట్టుకుని, ఊరేగింపులో దేవుడి విగ్రహంలా ఫెలిక్స్ కురెక్. పక్కనే మేయరుగారి ఒకటో నంబరు కారు.

కుర్చీ తీసిందెవరు అని విలేకరులు అడిగారు. "మా డ్రైవరు. నేను లోపల కాగితాలు చూసుకుంటున్నాను" అన్నాడు లియో, రెప్ప వేయకుండా. డ్రైవరు ఐరీన్ తమ్ముడు స్టాష్. వెనక సీట్లో ఐరీన్ కూడా ఉంది. స్టాష్ రెండు చేతులూ చక్రం మీదే ఉండటం ఆమె చూసింది. కారు దిగినవాడి వీపు కూడా చూసింది.

"ఈ ప్రెస్కాట్ గారికి తెలీదంటే ఒప్పుకుంటాను" అంది ఇప్పుడు. "ఆయన కారుకో ఇల్లున్న చోట పెరిగాడు. నువ్వు క్రాకో వీధిలో పుట్టావు లియో. మీ అమ్మ కుర్చీ తీశాడని మీ నాన్న ఎవడి పన్ను రాలగొట్టాడో నువ్వే కదా పెళ్ళిళ్ళలో చెప్తుంటావు?"

"నిజానికి చట్టప్రకారం చూస్తే మేడమ్, వీధి ఎవరి సొంతమూ కాదు..."

"ఆ మాట సాయంత్రం చర్చి హాల్లో అనండి. చేపలతో పాటు మిమ్మల్నీ నూనెలో వేస్తారు."

"పది నిమిషాల్లో వచ్చేద్దామనుకున్నాను ఐరీన్" అన్నాడు లియో.

"గంట సేపు తిన్నావు."

"నేనేం చెయ్యను? ఆ కెమెరా వాళ్ళు మళ్ళీ కొరకండి, మళ్ళీ కొరకండి అన్నారు!"

ఆ మాట అన్నాక తనకే ఎలాగో అనిపించిందో ఏమో, మేజోడు సర్దుకునే నెపంతో బల్ల కిందికి వంగాడు. ఐరీన్‌కి నవ్వు రాలేదు. ఇలాంటి మాటకి ఒకప్పుడు ఇద్దరూ కలిసి పగలబడి నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఆ మనిషి మొహం చూస్తుంటే ఒళ్ళంతా చీదరగా ఉంది, అంతే.

 

"స్టాష్‌తో అన్నీ మాట్లాడాను" అన్నాడు లియో తలెత్తి. "వాడొప్పుకున్నాడు. సోమవారం ఉద్యోగం మానేస్తాడు. జనం చల్లబడతారు. నేను గవర్నరయ్యాక రాజధానిలో ఏదో ఒకటి చూస్తాను."

"ఏదో ఒకటి."

"అవును, ఏదో ఒకటి! వాడికి లేని బాధ నీకెందుకు? వాడు నోరెత్తట్లేదు, మధ్యన నీ గోలేమిటి?"

"వాడు నోరెత్తడు. అది తెలిసే గదా వాడి పేరు చెప్పావు. నీ నోటికి ప్రెస్కాట్ పేరెందుకు రాలేదూ?"

ప్రెస్కాట్ గడియారం చూసుకున్నాడు. సాయంత్రం కార్యక్రమం చకచకా అప్పజెప్పాడు. నాలుగింటికి టీవీ వాళ్ళు ఇంటికే వస్తారు. మేయరుగారు తన కారు తనే నడుపుకుంటూ ఇంటికి రావడం, భార్య చెయ్యి పట్టుకుని చర్చి హాలుకి బయల్దేరడం, అన్నీ చిత్రీకరిస్తారు.

"తన కారు తనే నడుపుకునే నాయకుడు. జనం గుండెకి అది హత్తుకుంటుంది గవర్నరుగారూ... క్షమించాలి, మేయరుగారూ" అన్నాడు. ఈ పొరపాటు అతను రోజుకి మూడునాలుగు సార్లు చేస్తాడు. చేసినప్పుడల్లా లియో చెవులు ఎర్రబడతాయి, సంతోషంతో.

ఇద్దరూ వెళ్ళిపోయారు. ఆ ఇంటికి కారు షెడ్డు లేదు. వీధిలోనే పెట్టుకోవాలి. సామాన్యుల మధ్య ఉండే మేయరని చెప్పుకోవడానికి లియో ఇన్నేళ్ళూ ఆ ఇల్లు మారలేదు. నగరపాలక సంస్థ మంచు బండి రోజూ ముందుగా ఆ ఇంటి ముందే శుభ్రం చేసి పోతుంది గనక సామాన్యుడికి ఇబ్బందేమీ లేకపోయింది.

ఇవాళ మేయరు కారు మలుపు తిరగ్గానే మంచు బండి వచ్చింది. వీధి పొడుగునా బుద్ధిగా మంచు తోసుకొచ్చింది. సరిగ్గా ఆ ఖాళీ దగ్గర ఆగి, తోసుకొచ్చిందంతా అక్కడే కుమ్మరించింది. డ్రైవరు టోపీ పైకెత్తి ఇంటికి ఒక నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు.

ఐరీన్ కిటికీలోంచి అంతా చూసింది. ఆ పూటకి మొదటిసారి ఆమె మనసు కాస్త తేలికపడింది.

పెరటి తలుపు చప్పుడైంది. స్టాష్.

ఆరడుగుల మనిషి. టోపీ చేత్తో పట్టుకుని, బూట్ల మంచు దులుపుకుంటూ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఈ ఇంటికి వాడు పెరటి దారిన రావడం ఎన్నడూ లేదు.

"ఇటునుంచెందుకొచ్చావురా?"

"ముందువైపు కుర్చీలు అడ్డం కదక్కా" అని నవ్వాడు. అక్క నవ్వకపోయేసరికి నవ్వు ఆపేసి, వచ్చి కూర్చున్నాడు.

కాఫీ పోసిచ్చింది. వాడు కప్పుని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు తాగకుండా ఉండిపోయాడు.

"నిన్న ఫెలిక్స్ మామయ్యని చూద్దామని వెళ్ళాను" అన్నాడు.

 స్టాష్ ఉండేది బేకరీ మీది గదిలో, కురెక్‌ల ఇంటికి రెండిళ్ళ అవతల. అమ్మ పోయినప్పుడు వాడింకా బళ్ళో చదువుతున్నాడు. అప్పట్నుంచీ బ్రోన్యాయే వాడికి తిండి పెట్టింది. బాప్తిస్మం నాడు చేతుల్లో పట్టుకున్నదీ ఆవిడే. ఇప్పటికీ ప్రతి శుక్రవారం మూత పెట్టిన పళ్ళెంలో బంగాళాదుంప అట్లు పంపుతుంది.

"లోపలికి రానిచ్చిందా?"

"తలుపు తీసింది. గొలుసు తియ్యలేదు."

"ఏమంది?"

"తిట్టలేదక్కా. తిడితే బావుండేది." కప్పు కింద పెట్టాడు. "'నన్నడిగుంటే నేనే తీసేదాన్ని కదరా స్టాషూ' అంది. అంతే. తలుపేసింది."

 ఐరీన్ కొళాయి వైపు తిరిగి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

"నేను కాదని ఒక్కమాట చెప్పలేకపోయావా?"

"ఏమని చెప్పను? బావ తీశాడని చెప్పనా? ఊరు ఆయన్ని బతకనిస్తుందా? ఆయన పక్కన నువ్వుండాలి కదా. నీ గతేమిటి?"

"నా గతి నేను చూసుకుంటాను. నువ్వేమన్నా నన్ను మోస్తున్నావా?"

"నేను ఒక్కణ్ణి. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఇవాళ హాల్లో లేచి తల వంచుకుంటే అయిపోతుంది. నాలుగు రోజులకి జనం మర్చిపోతారు."

"ఈ ఊరి జనమా? అమ్మ సమాధి దగ్గరికి ఎవరెవరు రాలేదో ఇప్పటికీ పేర్లు చెప్తారు. మర్చిపోతారట! నువ్వా వీధిలో ఇక తలెత్తుకు తిరగ్గలవా? రేపు బ్రోన్యా పోతే శవపేటిక మొయ్యడానికి నిన్ను పిలుస్తారనుకున్నావా?"

 ఆ ప్రశ్న స్టాష్ ముందే వేసుకున్నాడని ఐరీన్‌కి అర్థమైంది. వాడి కళ్ళు ముందుగది గోడ వైపు తిరిగాయి.

అక్కడ సోఫా పైన, అద్దాల చట్రంలో, వెండిరంగు పూసిన పార ఒకటి వేలాడుతోంది. కింద ఇత్తడి రేకు మీద 'ప్రజల మేయరు' అని చెక్కారు. వెనకటి మేయరు మంచు తియ్యించలేక ఓడిపోయిన ఏడు, కౌన్సిలరు లియో బరానెక్ ఈ పారతోనే ముసలమ్మల వాకిళ్ళన్నీ తవ్వాడని ఊళ్ళో కథ. ఫోటో కూడా ఉంది. ఆ ఫోటోయే ఎన్నిక గెలిపించింది. ఇప్పుడు రాష్ట్రమంతటా గోడల మీద అంటిస్తున్నదీ అదే.

తవ్వింది స్టాష్. పొద్దుణ్ణుంచి వీధి వీధంతా వాడే తవ్వాడు. లియో ఫోటో తీసేవాణ్ణి వెంటబెట్టుకొచ్చి, వాడి చేతిలోంచి పార తీసుకుని, బొమ్మ దిగేదాకా పట్టుకుని, తిరిగి వాడి చేతికే ఇచ్చేశాడు. పక్కన నిలబడి రొప్పుతున్న స్టాష్‌ని తర్వాత ఫోటోలోంచి కత్తిరించారు. ఎంత కత్తిరించినా ఒక మోచెయ్యి మిగిలిపోయింది. అంచు దగ్గర ఇప్పటికీ కనిపిస్తుంది, ఎవరిదో తెలియని మోచెయ్యి. ఐరీన్ అప్పట్లో దాన్ని తలుచుకుని నవ్వుకునేది. ఎంత సిగ్గులేని నవ్వు!

"ఆ పిడి నాన్న చెక్కింది" అన్నాడు స్టాష్. "ఇంకా గట్టిగానే ఉన్నట్టుంది."

"సాయంత్రం హాలుకి ఎలా వెళ్తావు?"

"నడిచి పోతాను."

"అక్కర్లేదు. నాలుగింటికి నీ కారేసుకుని ఇక్కడికి రా. ఇంటి ముందు పెట్టి, ముందు గుమ్మంలోంచి లోపలికి రా. నేను నీతో వస్తాను. ఆయనతో కాదు."

"ఇంటి ముందా? అక్కడ కొండంత మంచుంది కదక్కా, చూళ్ళేదా?"

"ఉండదులే. నువ్వు రా."

స్టాష్ వెళ్ళాక ఐరీన్ బూట్లు తొడుక్కుంది. సోఫా ఎక్కి చట్రం దించింది. అద్దం పక్కకి లాగి పార బయటికి తీస్తుంటే ఇత్తడి రేకు ఊడి కుషన్ల మధ్య పడింది. వెతకలేదు.

ఇంటి ముందు మంచుగుట్టలో రెండు పెట్లు వేసేసరికే వెండిరంగు పొలుసులుగా రాలిపోయింది. లోపల పాత ఇనుము నల్లగా, పదునుగానే ఉంది. ఇన్నాళ్ళూ తన చేతులు ఏం చేశాయి? పార్టీల్లో కరచాలనాలు చేశాయి, రిబ్బన్లు కత్తిరించే మొగుడి పక్కన పళ్ళెం పట్టుకున్నాయి. నడుము విరిగిపోతున్నా ఐరీన్‌కి ఆపబుద్ధి కాలేదు. ప్రతి పారెడు మంచుకీ లోపలున్న కోపం కాస్త బయటపడుతున్నట్టు హాయిగా ఉంది.

ఎదురింటి వాండా శాలువా కప్పుకుని వరండాలోకి వచ్చింది. ఆవిడ నోరు ఆ వార్డుకి రేడియో.

"ఇదేం చోద్యమమ్మా! మేయరుగారి పెళ్ళాం పార పట్టిందేమిటి?"

"మేయరుగారి పార ఊరికే పడుందిగా వాండా, వాడదామని."

"ఎవరికోసం ఇంత కష్టం?"

"మా తమ్ముడికి. నాలుగింటికి కారేసుకొస్తాడు."

వాండా మూతి ముడుచుకుంది. "ఎవరూ, ఆ కుర్చీ పారేసినవాడికా?"

పార గాల్లో ఆగింది. అప్పటికప్పుడు అరిచి చెప్పెయ్యాలనిపించింది ఐరీన్‌కి. ఇరవై ఏళ్ళ అలవాటు గొంతు పట్టుకుంది.

"మా తమ్ముడికి" అంది మళ్ళీ, ఇంకాస్త గట్టిగా.

 వాండా లోపలికి పోలేదు.

నేల కనిపించేదాకా తవ్వి, అంచులు చదును చేసి, ఐరీన్ వీపు నిటారుగా చేసుకుంది. ఇక కుర్చీ వెయ్యాలి. ముంగిట్లో ఊరి కుర్చీలన్నీ ఉన్నాయి. వాటిల్లో ఒకటి లాగెయ్యడానికి చెయ్యి రాలేదు. అవి ఊరు పెట్టినవి, మేయరుగారు తీరిగ్గా చూసుకోవడానికి. వంటింట్లోకి పోయి, తను రోజూ బంగాళాదుంపలు తరుగుతూ కూర్చునే పసుపు కుర్చీ తెచ్చి, తవ్విన చోట సరిగ్గా నడిమధ్యన వేసింది.

అవతలి వరండాలోంచి వాండా తలాడించింది. ఆ మాత్రం మర్యాద ఆ కుర్చీకి ఎవరైనా ఇస్తారు.

నాలుగు కాకముందే లియో వచ్చేశాడు.

నల్ల కారు, కిటికీ అద్దం దించి, చలిలో మోచెయ్యి బయటపెట్టి, తనే నడుపుకుంటూ. వెనకాల టీవీ వాళ్ళ వ్యాను. దాని కిటికీలోంచి కెమెరావాడు నడుందాకా బయటికి వంగి తీస్తున్నాడు. వీధిలో అటూ ఇటూ జనం లేరు గానీ లియో చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఐరీన్ పార పట్టుకుని వరండా మెట్ల మీద నిలబడింది. నిజానికి ఆమె ఏ పన్నాగమూ పన్నలేదు. తమ్ముడు ముందు వస్తాడనే అనుకుంది. మొగుడు వస్తే వీధి చివర పెట్టుకుని నడిచొస్తాడులే, ఫెలిక్స్‌ని మోసుకొచ్చినంత దూరం నడిస్తే తప్పేమిటి అనుకుంది.

లియో ఇంటి ముందుకొచ్చి, శుభ్రంగా తవ్విన చోటు చూశాడు. మొహం వికసించింది. ఊళ్ళో ఇంకా భయభక్తులున్నాయి, మేయరు కోసం తవ్వి పెట్టారు అనుకున్నాడు కాబోలు. ఇంజను ఆపకుండానే, కారు వీధి మధ్యలో అలాగే వదిలేసి, తలుపు బార్లా తెరిచి దిగాడు.

ఎడమచేత్తో కుర్చీ వీపు పట్టుకున్నాడు. దానివంక చూడనైనా చూడలేదు. ఎత్తి, అవతలి మంచుగుట్ట మీదికి విసిరేసి, ఆ చెయ్యి కోటుకి తుడుచుకున్నాడు.

 మంగళవారం ఐరీన్ చూసింది ఇదే. ఆ చెయ్యే. చివర్లో కోటుకి తుడుచుకోవడంతో సహా అంతా అదే.

"చూశారా? అయ్యో, చూశారా!" వాండా కేక వీధంతా వినపడింది.

ఒక తలుపు తెరుచుకుంది. ఇంకొకటి. ఇన్ని రోజులుగా ఏమీ చూడని వీధి మొత్తం వరండాల్లోకి వచ్చేసింది.

వ్యానులోంచి విలేకరి డోరిస్ హాలరన్ దిగింది. మైకు చేతిలోనే ఉంది.

"మేయరుగారూ, ఈ చోటు ఎవరు తవ్వారు?"

లియో నవ్వాడు. ఓట్ల నవ్వు. "ఇది నా ఇల్లమ్మా! ఆ కుర్చీ మా వంటింట్లోదే!"

"అది సరే. తవ్వింది మీరేనా?"

నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు వెతుక్కున్నాయి. మెట్ల మీద ఐరీన్ కనిపించింది. ఆమె బూట్లకంటిన మంచు కనిపించింది. చేతిలో పార కనిపించింది. దాన్ని గుర్తుపట్టాడు. మొహంలో రక్తం దిగిపోయింది.

వ్యాను అవతలి వైపు నుంచి ప్రెస్కాట్ పరిగెత్తుకొచ్చాడు. "కెమెరా ఆపండి! ఇది కార్యక్రమంలో లేదు! ఆపండంటుంటే!"

ఎవరూ ఆపలేదు.

అప్పుడే వీధి మలుపులోంచి స్టాష్ పాత ఆకుపచ్చ కారు వచ్చి వ్యాను వెనక ఆగింది. వాడు దిగి, వీధి మధ్యలో తలుపు తెరిచి ఉన్న నల్ల కారునీ, గుట్ట మీద తలకిందులుగా పడున్న పసుపు కుర్చీనీ, అక్కనీ చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మిసెస్ బరానెక్" అంది డోరిస్. "మంగళవారం క్రాకో వీధిలో మీరూ కారులో ఉన్నారని విన్నాం."

"ఐరీన్, లోపలికి పద" అన్నాడు లియో. "చలేస్తుంది నీకు."

చలేస్తుందట! పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి.

"అక్కా, వద్దు" అన్నాడు స్టాష్ దూరం నుంచి, మెల్లగా.

ఐరీన్ మెట్లు దిగింది. ఊరి కుర్చీల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చింది. లియో పక్కనుంచి పోతూ చేతిలోని పార అతని చేతికిచ్చింది. పార చేతికి తగలగానే, అలవాటు కొద్దీ, పాపం, కెమెరా వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె గుట్ట ఎక్కి కుర్చీ తీసుకుంది. ఒక కాలు కాస్త వంగింది. మంచు దులిపి తెచ్చి, తను తవ్విన చోట మళ్ళీ నడిమధ్యన వేసింది.

"అక్కడే ఉండు స్టాషూ" అంది. "నీ చోటు ఎక్కడికీ పోదు."

తర్వాత ఆ కుర్చీలో కూర్చుని, బంగాళాదుంపలు తరిగేటప్పటి లాగే కోటు అంచులు మోకాళ్ళ మీదికి సర్దుకుని, డోరిస్ వైపు తలెత్తింది.

"ఊఁ. ఇప్పుడడగండి."